చుక్క మరుగైన రెండు సెకన్లు

(తిరుపతిలో ఒక కళాశాల విద్యార్థుల కోసం, ఊరివాళ్ల కోసం ఏర్పాటైన సాయంత్రపు ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న సవరణ. ఇందాక నన్ను పరిచయం చేసిన తమ్ముడు 'జ్యోతిష్యం మీద మాట్లాడతారు' అన్నాడు. ఆ ఆశతో వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పేస్తున్నా, మీ పెళ్లి ఎప్పుడవుతుందో నేను చెప్పలేను. (నవ్వులు) ఫలానా రాత్రి ఫలానా చుక్క ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు మాయమవుతుందో మాత్రం చెప్పగలను. అదీ అన్నిసార్లూ నిజం కాదు.

అయినా తమ్ముడి మాట మరీ తప్పేం కాదు. శ్రీకాళహస్తి పక్కన బతుకుతున్న మీకు ఛాయాగ్రహాల గురించి నేను చెప్పేదేముంది? రాహుకేతువులు కంటికి కనిపించవు, కానీ సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ మింగుతాయని చెప్పుకుంటాం. నేను ఈ రోజు చెప్పబోయేవి కూడా దాదాపు కనిపించని వస్తువులే. అవి సూర్యచంద్రుల జోలికి రావు. ఎక్కడో దూరాన ఉన్న ఒక చుక్కను ఒకటి రెండు సెకన్లు మింగి వదిలేస్తాయి. ఆ కాసేపట్లోనే వాటి జాతకం మొత్తం బయటపడుతుంది. జాతకం అన్నాను చూశారా, ఊరి ప్రభావం. (నవ్వులు)

దీన్ని ఇంగ్లిషులో అకల్టేషన్ అంటారు. పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలు ఉంటాయి గానీ నేను 'మరుగు' అంటాను. చందమామ రోహిణి నక్షత్రానికి అడ్డం వస్తే రోహిణి మరుగవుతుంది. 2015 జనవరి నుంచి 2018 సెప్టెంబరు దాకా భూమి మీద ఎక్కడో ఒకచోట ప్రతి నెలా ఇది జరిగింది. తర్వాత ఆగిపోయింది, మళ్లీ చాలా ఏళ్లకు గానీ మొదలుకాదు. చందమామ దారి అటూ ఇటూ ఊగి తిరిగి మొదటికి రావడానికి 18 ఏళ్ల ఏడు నెలలు పడుతుంది. ఇరవై ఏడుగురు భార్యలున్నా చంద్రుడు రోహిణి ఇంట్లోనే ఉండిపోయేవాడన్న కథ మనకుంది కదా. ఆకాశం కేసి తలెత్తి చూడకుండా ఎవరో ఊరికే అల్లిన కథ అది అని నేననుకోను.

చందమామ పెద్దవాడు, ఎవరైనా చూడగలరు. మరి ఒక గ్రహశకలం అడ్డం వస్తే? 2023 డిసెంబరు 12న లియోనా అనే గ్రహశకలం మన ఆర్ద్ర నక్షత్రం మీదుగా వెళ్లింది. ఆ నీడ టర్కీ, ఇటలీ, స్పెయిన్ మీదుగా అట్లాంటిక్ దాటి ఫ్లోరిడా వైపు వెళ్లింది. ఆ సన్నటి పట్టీలో ఉన్నవాళ్లకు ఆర్ద్ర కొన్ని సెకన్లు మసకబారింది. మనం ఇక్కడ పడుకుని ఉన్నాం. పట్టీలో లేం కాబట్టి లేచి చూసినా ఏమీ కనిపించేది కాదు.

ఇంతకీ ఈ కష్టం ఎందుకు? పెద్ద టెలిస్కోపుతో నేరుగా చూస్తే సరిపోదా? సరిపోదు. నెప్ట్యూన్ అవతల, దాదాపు 640 కోట్ల కిలోమీటర్ల దూరంలో, వెయ్యి కిలోమీటర్ల వెడల్పున్న ఒక మంచు ముద్ద ఉందనుకోండి. అది మనకు ఎంత కనిపిస్తుందంటే, మీరు తిరుపతిలో నిలబడ్డారు, మద్రాసు దాటి సముద్రంలో ఇంకో యాభై కిలోమీటర్ల అవతల పడవ మీద ఎవరో రూపాయి బిళ్ళ పట్టుకున్నారు, అంత. హబుల్ టెలిస్కోపుకు కూడా అదొక చుక్కే. గుండ్రంగా ఉందా, దోసకాయలా ఉందా, ఏమీ తెలియదు.

ఇప్పుడు రేణిగుంట దగ్గర రైల్వే గేటుకు రండి. రాత్రి, గేటు పడింది. పట్టాలకు అవతల టీ కొట్టు లైటు వెలుగుతోంది. చీకట్లో గూడ్సు బండి వచ్చింది. బండి కనిపించదు, లైటు మాత్రం ఆరిపోయింది. అరవై సెకన్ల తర్వాత మళ్లీ వెలిగింది. బండి సెకనుకు పది మీటర్ల వేగంతో పోతోందని మీకు తెలుసు. అయితే బండి పొడవు 600 మీటర్లు. బండిని చూడకుండానే, టేపు పట్టకుండానే పొడవు కొలిచేశారు. ఇంతే విద్య. మిగతాదంతా ఓపిక.

ఒక తేడా ఉంది, అది బాగా అర్థం చేసుకోవాలి. మిట్టమధ్యాహ్నం గద్ద మన తల మీద తక్కువ ఎత్తులో పోతే నేల మీద నీడ పరుగెడుతుంది. అదే గద్ద శేషాచలం కొండల ఎత్తున తిరుగుతుంటే నీడ కనిపించదు. సూర్యుడు పళ్లెమంత వెడల్పుగా ఉన్నాడు, ఆ పళ్లెం అంచుల నుంచి వచ్చే వెలుగు నీడను చెరిపేస్తుంది. నక్షత్రం అలా కాదు, సూదిమొన. దాని వెలుగు మన దాకా వచ్చేసరికి రైలుపట్టాల్లా సమాంతరంగా ఉంటుంది. అందుకని కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్న 100 కిలోమీటర్ల రాయి నీడ భూమి మీద కూడా 100 కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. రాయి ఎంతో నీడ అంత, అదే ఆకారంలో. (ఆర్ద్ర లాంటి మహాకాయాల సంగతి వేరు, అవి సూదిమొనలు కావు. అందుకే ఆ రోజు మసకబారింది.)

ఈ నీడ ఎంత వేగంగా పోతుంది? భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లు పరిగెడుతోంది. ఆ దూరపు వస్తువులు మెల్లగా నడుస్తాయి. కాబట్టి అవి మనకు సూర్యుడికి ఎదురు దిక్కున ఉన్నప్పుడు నీడ సెకనుకు 20, 25 కిలోమీటర్ల వేగంతో మన మీద నుంచి పోతుంది. తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో మీకెంత సేపు పడుతుందో మీకు తెలుసు. నీడకు మూడు సెకన్లు. మధ్యలో పాకాల దగ్గర టీకి కూడా ఆగదు. (నవ్వులు)

ఇక్కడ మన పక్కింటి కథ ఒకటి చెప్పాలి. చిత్తూరు నుంచి గాలిలో గీత గీస్తే సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, తమిళనాడు వైపు జవ్వాదు కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది. 1977 మార్చి 10 రాత్రి యురేనస్ ఒక చుక్కకు అడ్డం రాబోతోందని లెక్కలు చెప్పాయి. అమెరికా నుంచి జేమ్స్ ఎలియట్ బృందం టెలిస్కోపు బిగించిన విమానమెక్కి హిందూ మహాసముద్రం మీదకు వచ్చింది. కావలూరులో ఒక మీటరు టెలిస్కోపు దగ్గర జె.సి. భట్టాచార్య, కుప్పుస్వామి కూర్చున్నారు. అందరూ యురేనస్ కోసమే ఎదురుచూస్తున్నారు. యురేనస్ ఇంకా రాకముందే చుక్క మినుకుమంది.

రేణిగుంట గేటు దగ్గర ఇంకా గూడ్సు రాలేదు, లైటు ఒక్క క్షణం ఆరి వెలిగింది అనుకోండి. ఏమనుకుంటారు? ముందు ఒంటి ఇంజను పోయిందనుకుంటారు. కావలూరువాళ్లూ అలాగే అనుకున్నారు. యురేనస్‌కు కొత్త ఉపగ్రహం దొరికిందని నేచర్ పత్రికకు రాశారు. ఎలియట్ విమానంలో మాత్రం యురేనస్ రాకముందు ఐదుసార్లు, పోయాక మళ్లీ ఐదుసార్లు చుక్క మినుకుమంది. ముందు ఎంత దూరంలో మినుకుమందో వెనక కూడా అంతే దూరంలో. ఒంటి ఇంజన్లు అంత క్రమశిక్షణగా తిరగవు. అవి యురేనస్ చుట్టూ ఉన్న సన్నటి వలయాలు. అంతకుముందు వలయాలంటే శనికి మాత్రమే అనుకునేవాళ్లం.

కావలూరువాళ్లు పొరబడ్డారని కొందరు చప్పరించేస్తారు. నాకది నచ్చదు. వాళ్లు చూసింది నిజం, వలయాల మరుగునే చూశారు. పేరు పెట్టడంలో పొరబడ్డారు, అంతే. అసలు ఆ టెలిస్కోపు కావలూరులో అడుగుపెట్టిన 1972లోనే ఇంకో ఘనకార్యం జరిగింది. గురుగ్రహం ఉపగ్రహం గానిమీడ్ ఒక చుక్కను మరుగుపరిస్తే కావలూరులోనూ ఇండోనేషియాలోనూ చూసి, గానిమీడ్ చుట్టూ పల్చటి గాలి ఉన్న సూచనలు కనిపించాయని చెప్పారు. మన జిల్లా పిల్లలకు హ్యూస్టన్ తెలుసు, కావలూరు తెలియదు. వీలు చూసుకుని ఒకసారి వెళ్లి చూసి రండి.

సరే, యురేనస్ పెద్ద గ్రహం, వలయాలుంటే ఉండొచ్చు. 2013 జూన్ 3న దక్షిణ అమెరికాలో జరిగింది ఎవరూ ఊహించలేదు. శనికీ యురేనస్‌కూ మధ్య తిరిగే కరిక్లో అనే రాయి ఉంది, వెడల్పు 250 కిలోమీటర్లు. తిరుపతి నుంచి బెంగళూరు దాకా బస్సు దారి కూడా దాదాపు అంతే. దాని మరుగును చూడటానికి బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే, చిలీల్లో చాలామంది టెలిస్కోపులు పెట్టుకున్నారు. మళ్లీ అదే కథ. అసలు మరుగుకు ముందూ వెనకా చిన్న మినుకులు. చిలీలో 1.54 మీటర్ల డేనిష్ టెలిస్కోపుకు వేగంగా ఫొటోలు తీసే కెమెరా ఉండబట్టి, మినుకు ఒకటి కాదు, పక్కపక్కనే రెండు అని తేలింది. ఏడు కిలోమీటర్ల వెడల్పున ఒక వలయం, మూడు కిలోమీటర్ల వెడల్పున ఇంకొకటి. ఇంత చిన్న రాయికి రెండు ఉంగరాలు! 2017 జనవరిలో నెప్ట్యూన్ అవతల తిరిగే హౌమియాకు కూడా ఒకటి దొరికింది.

అలాగే నెప్ట్యూన్ అవతల తిరిగే క్వావార్‌కు 2023లో బయటపడిన వలయం మాత్రం శాస్త్రవేత్తలకు తలనొప్పి తెచ్చింది. ఒక వస్తువుకు దగ్గరగా తిరిగే రాళ్లు, మంచు ముక్కలు వలయంగానే ఉంటాయి, ఎందుకంటే దాని ఆకర్షణ వాటిని ముద్ద కానివ్వదు. ఒక హద్దు దాటి దూరంగా ఉంటే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉపగ్రహంగా మారిపోవాలి. దాన్ని రోష్ హద్దు అంటారు. క్వావార్‌కు ఆ హద్దు సుమారు 1,780 కిలోమీటర్లు. వలయం ఉన్నది 4,100 కిలోమీటర్ల దగ్గర! ఎప్పుడో ముద్ద కట్టాల్సిన పిండి ఇంకా పొడిపొడిగానే ఉంది. ఎందుకో ఇంకా తేలలేదు. ఆ చలిలో మంచు ముక్కలు గుద్దుకున్నప్పుడు అతుక్కోకుండా రబ్బరు బంతుల్లా ఎగిరిపోతుండవచ్చని ఒక ఆలోచన.

ఇవన్నీ ఈ పది పదిహేనేళ్లలోనే ఎందుకు దొరుకుతున్నాయి? టెలిస్కోపులు పెరిగినందుకు కాదు, లెక్క కుదిరినందుకు. 600 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఒక ఆర్క్ సెకను తప్పు జరిగితే, అంటే డిగ్రీలో 3,600వ వంతు, నీడ 29,000 కిలోమీటర్లు పక్కకు పోతుంది. భూమి వెడల్పే 12,700. అంటే నీడ భూమి మీద పడుతుందో లేదో కూడా చెప్పలేం. 2013 చివర్లో ఐరోపావాళ్లు పంపిన గైయా ఉపగ్రహం వందకోట్లకు పైగా చుక్కల స్థానాలను మునుపెన్నడూ లేనంత కచ్చితంగా కొలిచింది. దాని పట్టికలు 2016 నుంచి వస్తున్నాయి. మాలాంటివాళ్లకు అది పంచాంగం దొరికినట్టే. అంతకుముందు 'నీడ దక్షిణ భారతంలో ఎక్కడో పడొచ్చు' అనేవాళ్లు. ఇప్పుడు మంచి లెక్క ఉన్న శకలానికి 'పూతలపట్టు దాటాక నిలబడు' అంటున్నారు.

ఆ లెక్క ఎంత పనికొస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2015లో ప్లూటోను దాటిన న్యూ హొరైజన్స్ నౌక తర్వాతి మజిలీ ఒక చిన్న రాయి, ఇప్పుడు దాని పేరు అరోకోత్. వెళ్లేముందు అది ఎలా ఉంటుందో తెలియాలి. 2017 జూన్ 3న అర్జెంటీనాలో, దక్షిణాఫ్రికాలో టెలిస్కోపులు బారులు తీర్చారు. ఒక్కరికీ చుక్క ఆరలేదు. అంత ఖర్చు, అంత ప్రయాణం, గుండు సున్నా! జులై 17న మళ్లీ అర్జెంటీనా దక్షిణాన పటగోనియాకు వెళ్లారు. అక్కడ గాలి మామూలుది కాదు, టెలిస్కోపు నిలవదు. ఆ ఊరివాళ్లు లారీలు తెచ్చి గాలికి అడ్డం నిలబెట్టారు. హెడ్‌లైట్లు పడకుండా జాతీయ రహదారిని రెండు గంటలు మూసేశారు, వీధి దీపాలు ఆర్పారు. కనీసం ఐదు బృందాలకు చుక్క ఆరింది, సెకను లోపే. ఒక్కో చోట చుక్క ఆరిన సేపును ఒక్కో గీతగా గీసి, ఆ ఐదు గీతలను పక్కపక్కన పేరిస్తే, ఇది గుండ్రటి రాయి కాదు, పొడవుగా ఉంది, బహుశా రెండు ముద్దలు అతుక్కున్నాయి అని తెలిసింది. 2019 జనవరి 1న నౌక 3,500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి ఫొటో తీస్తే, అచ్చం అలాగే, 36 కిలోమీటర్ల పొడవున రెండు ముద్దలు. ఒక చుక్క కోసం రోడ్డు మూయించాలంటే మనకు ఎన్ని సంతకాలు కావాలో నేను ఆలోచించదలచుకోలేదు. (నవ్వులు)

ఇప్పుడు నా సొంత కథ. ఇంత పెద్ద కథల తర్వాత ఇది చాలా చిన్నది.

కొన్నేళ్ల కింద ఒక వేసవిలో, 30 కిలోమీటర్ల గ్రహశకలం నీడ చిత్తూరు మీదుగా పోతుందని లెక్క వచ్చింది. చిత్తూరులో ఒక మిత్రుడు మేడ మీద టెలిస్కోపు పెట్టాడు. అందరం అక్కడే ఉంటే లాభం లేదు. ఒకే చోట ఇద్దరు చూస్తే ఒకే గీత రెండుసార్లు గీసినట్టు. కాబట్టి నేను ఉత్తరంగా పాతిక కిలోమీటర్లు జరిగి, పాకాల వైపు ఒక మామిడితోటలో నా ఎనిమిదంగుళాల టెలిస్కోపు పెట్టాను. ఇంకో మిత్రుడు కుప్పం వైపు వెళ్లాడు, ఆయనకు మబ్బు.

సమయానికి నాలుగు నిమిషాల ముందు టార్చిలైటు మొహం మీద పడింది. 'ఎవురప్పా అది?' కాపు కాయలు కోసే కాలం, నడిరాత్రి తోటలో మూడుకాళ్ల యంత్రంతో ఒకడు. నేనైనా అనుమానిస్తాను. తోట ఆయన్ను పగలు అడిగే వచ్చాను గానీ, ఆయన తమ్ముడికి చెప్పలేదట. చెప్పే టైము లేదు. 'అన్నా, ఐదు నిమిషాలు లైటు ఆర్పు, తర్వాత నన్ను ఏమన్నా చెయ్యి' అన్నాను. ఆయన ఏమనుకున్నాడో, ఆర్పి పక్కన కూర్చున్నాడు. ఇద్దరం స్క్రీన్ మీద చుక్కను చూస్తూ ఉన్నాం. సమయం వచ్చింది, పోయింది. చుక్క కదల్లేదు, మసకబారలేదు, దర్జాగా వెలుగుతూనే ఉంది.

'పోయిందా?' అన్నాడాయన. పోలేదన్నాను. 'పోనిదానికి ఇంత దూరం వచ్చినావా సామీ?' అన్నాడు. చిత్తూరు మిత్రుడు ఫోన్ చేశాడు. ఆయనకు రెండు సెకన్లకు కాస్త పైన చుక్క మాయమైంది, అరుపులు అరుస్తున్నాడు. నా మొహం చూసి ఆ పెద్దమనిషికి జాలేసినట్టుంది. నేను విషయం చెప్పాను. అక్కడ నీడ పడింది, ఇక్కడ పడలేదు, కాబట్టి నీడ అంచు ఈ మధ్యలో ఎక్కడో ఉంది అని. ఆయన వెంటనే అన్నాడు, 'గట్టు యాడుందో తెలియల్లంటే పక్కోడి చేను యాడ మొదలవతాదో తెలియల్ల గదా. నువ్వు పక్కోడి చేన్లో నిలబడినావు, అంతేనా?' అంతే. నేను పదేళ్లుగా పిల్లలకు చెబుతున్నా ఇంత బాగా చెప్పలేకపోయాను.

అందుకే చుక్క ఆరని రికార్డింగును కూడా పంపాలి. మాలో దాన్ని 'మిస్' అంటాం. ఆ మాట నాకు ఇష్టం లేదు గానీ వాడుకలో ఉంది. చాలామంది కొత్తవాళ్లు మిస్ అయిందని సిగ్గుపడి ఫైలు తుడిచేస్తారు. చేను గట్టు తుడిచేసినట్టే అది.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక పెద్దాయన: ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తీసేశారు కదా, ఎరిస్ దానికంటే పెద్దదని. అది నిజమేనా?)

తీసేయడానికి అదొక్కటే కారణం కాదు సార్, కానీ 2005లో నెప్ట్యూన్ అవతల ఎరిస్ దొరికిన తర్వాతే ఆ గొడవ ముదిరింది. అప్పుడు అది ప్లూటో కంటే పెద్దదని అనుకున్నారు. 2010 నవంబరు 6న ఎరిస్ ఒక చుక్కను మరుగుపరిచింది. చిలీలో రెండు చోట్ల నుంచి దొరికిన గీతలతో వెడల్పు 2,326 కిలోమీటర్లని తేలింది. తర్వాత న్యూ హొరైజన్స్ ప్లూటోను కొలిస్తే 2,377. అంటే ప్లూటోనే కాస్త పెద్ద. బరువు మాత్రం ఎరిస్‌దే ఎక్కువ. పెళ్లివారి గొడవలాగ రెండువైపులా ఒక్కో పాయింటు ఉంది.

(ఒక విద్యార్థిని: చుక్క ఒక్కసారిగా ఆరిపోతుందా, మెల్లగా ఆరుతుందా సార్?)

మంచి ప్రశ్నమ్మా. గాలి లేని రాయి అయితే స్విచ్చు నొక్కినట్టు ఆరుతుంది. చుట్టూ గాలి ఉంటే ఆ గాలిలో వెలుగు వంగి, సూర్యాస్తమయంలా మెల్లగా మాసిపోతుంది. 1988 జూన్‌లో ప్లూటో ఒక చుక్కను మరుగుపరిచినప్పుడు ఆ చుక్క అలా మెల్లగా మాసింది. ప్లూటో మీద గాలి ఉందని గట్టిగా తెలిసింది అప్పుడే. మన గాలి ఒత్తిడిలో లక్షో వంతు గాలి అది, అయినా దొరికిపోయింది. మరీ చిన్న రాయి, ఒక కిలోమీటరు లాంటిది అంత దూరంలో ఉంటే ఇంకో విచిత్రం. వెలుగు అలల్లా దాని అంచుల చుట్టూ తిరిగి వచ్చేస్తుంది, నీడ చెదిరిపోతుంది. చుక్క పూర్తిగా ఆరదు, సెకనులో చిన్న భాగం పాటు వణుకుతుంది. జపాన్‌లో మియాకో ద్వీపంలో 28 సెంటీమీటర్ల టెలిస్కోపులు రెండు పెట్టి, దాదాపు రెండు వేల చుక్కలను 60 గంటలపాటు రికార్డు చేసి, అలాంటి వణుకు ఒక్కటి పట్టుకున్నారు. 1.3 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న రాయి, నెప్ట్యూన్ అవతల. 2019లో ప్రకటించారు. టెలిస్కోపు రెండు ఎందుకంటే, ఒకదానిలో మాత్రమే వణికితే అది మన గాలి పనే కావచ్చు.

(ఒక విద్యార్థి: మేము చేయాలంటే ఎంత ఖర్చవుతుంది సార్? కెమెరా ఏది కొనాలి?)

కెమెరా గురించి తర్వాత. ముందు గడియారం. నీడ సెకనుకు 20 కిలోమీటర్లు పోతుంటే, నీ గడియారం సెకనులో పదో వంతు తప్పితే రెండు కిలోమీటర్లు తప్పినట్టు. ల్యాప్‌టాప్ టైమును నమ్మొద్దు. ప్రతి ఫొటో మీద జీపీఎస్ టైము ముద్ర పడాలి. నేను మొదటి రెండేళ్లు తీసినదంతా ఈ ఒక్క కారణంతో పనికిరాకుండా పోయింది. ఎనిమిది, పది అంగుళాల టెలిస్కోపు చాలు, మీ కళాశాలలో మూలన ఒకటి ఉందని విన్నాను, దుమ్ము దులపండి. నీడ దారి లెక్క కట్టి చూపించే అకల్ట్ వాచర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఏ రాత్రి ఏ నీడ ఎంత దూరంలో పోతుందో చెబుతుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు, ఆశ పెట్టుకోవద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రులు బాగుంటాయి. ఐదుగురు కలిస్తే ఐదు చోట్ల నిలబడండి, ఒకే మేడ మీద కాదు. చంద్రగిరి, పుత్తూరు, పాకాల, మీ మీ సొంతూళ్లు.

ఇంకోటి మరిచిపోయాను. ఎవరి తోటలో పెడుతున్నారో వాళ్లకు, వాళ్ల తమ్ముళ్లకు కూడా ముందే చెప్పండి.

(నవ్వులు, చప్పట్లు)